హాలిఫాక్స్ పిలుపు

"హాలిఫాక్స్ నుంచి పిలుపొస్తే నేనే ఫోన్ చేస్తానన్నాను కదండీ. రోజూ వచ్చి అడిగితే ఎలా?" అంది క్లినిక్‌లో కౌంటర్ దగ్గరి అమ్మాయి.

"వచ్చేదాకా అడుగుతాను" అంది హిల్డా. "మా చెల్లెలు మెట్లు దిగలేక, పసిపిల్లలా కూర్చుని జారుతోంది. ఆ ముక్క కూడా రాసి పంపు మీ పెద్దాసుపత్రికి."

మార్నీ గోడవార కుర్చీలో తల వంచుకుంది. ఆమె కుడి మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది.

"ఊరుకో అక్కా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. టిక్కెట్టు లేని నాటకం. చేపల సీజను అయిపోయింది, వీళ్ళకి మాత్రం వేరే పనేముంది?"

వరసలో కూర్చున్న జాలర్లు నవ్వారు. లూనెన్‌బర్గ్ తీరంలో ఆ అక్కాచెల్లెళ్ళు తెలియనివాళ్ళు లేరు. అమ్మానాన్నలు పోయాక ఇద్దరిదీ ఒకే ఇల్లు, చర్చిలో ఒకే బెంచీ. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు.

జీవితం అలాగే వెళ్ళిపోతుందనుకుంటే, కిందటేడు, మార్నీకి యాభై దాటాక, ఆంగస్ వచ్చాడు. దూరాన కేప్ బ్రెటన్ దీవి మనిషి. భార్య పోయినవాడు. పడవలు బాగుచేసే పని మీద వచ్చి, వెళ్ళేముందు మార్నీని అడిగాడు. మార్నీ సరేనంది. సెప్టెంబరులో పెళ్ళి, ఆ తరవాత అక్కడే కాపురం అనుకున్నారు. హిల్డా ముఖం కాస్త చిన్నబోయినా, పెళ్ళి గౌను తనే కుడతానంది.

గౌనుకి చేతులు అతకక ముందే మార్నీకి జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, ఒళ్ళునొప్పులు పోలేదు. నడుస్తూ నడుస్తూ కూలబడేది. మాట్లాడుతూ మాట మరిచిపోయేది.

ఊళ్ళో డాక్టరు రక్తం పరీక్ష చేయించాడు. ఏమీ తేలలేదు.

"జింకల మీంచి రాలే పిడుదు పురుగు కరిచి లైమ్ జబ్బు వస్తే ఒంటి మీద ఎర్రగా, గుండ్రంగా మచ్చ లేస్తుంది. అది రోజురోజుకీ పెరుగుతుంది. అలాంటిదేమైనా చూశారా?" అని అడిగాడు.

మార్నీ నవ్వింది. "మా అక్క కన్నుగప్పి నా మీద దోమైనా వాలదు డాక్టరు గారూ. తోటలోంచి రాగానే వీపు చూపించందే నాకు సూప్ పొయ్యదు."

అది ఇంటింటా ఉన్న అలవాటే. జింకలు పెరట్లోకొచ్చి కూరపాదులు మేసే ఊళ్ళలో, సాయంత్రమైతే పిడుదుల కోసం ఒకరి ఒళ్ళు ఒకరు వెతుక్కుంటారు. ఎవరి వీపు వాళ్ళకి కనపడదు కదా.

డాక్టరు హిల్డా వైపు చూశాడు.

"ఏమీ కనపళ్ళేదండీ" అంది హిల్డా.

"అయితే వయసు. పైగా పెళ్ళికూతురి గాభరా" అని డాక్టరు నవ్వేశాడు.

పెళ్ళి క్రిస్మస్‌కి వాయిదా పడింది. క్రిస్మస్ నుంచి ఈస్టర్‌కి జరిగింది. హిల్డా వంట చేసింది, కాళ్ళకి కాపడం పెట్టింది, జుట్టు దువ్వింది. "తొందరేముంది, పడుకో. ప్రార్థన చేద్దాం" అనేది. సేవ అంటే ఏమిటో ఆ ఇంటికి వెళ్ళి చూడండని పాస్టరు గారు ఒక ఆదివారం అందరి ముందూ అన్నాడు.

ఆంగస్ మొదట్లో పూలు పట్టుకుని వచ్చేవాడు. తరవాత ఫోన్లే మిగిలాయి. ఆఖరి ఫోన్‌లో, "పెళ్ళాం మంచం పట్టడం ఒకసారి చూశాను మార్నీ. రెండోసారి నావల్ల కాదు" అన్నాడు.

ఆ మర్నాడే హిల్డా నడుం బిగించింది. చెల్లెల్ని కారులో వేసుకుని డాక్టరు మీదికి వెళ్ళింది.

"మళ్ళీ పరీక్ష చెయ్యండి. కాదంటే హాలిఫాక్స్‌లో స్పెషలిస్టుకి రాయండి. ఇది లైమే."

"మీకెలా తెలుసమ్మా?"

"అక్కని. నాకు తెలీదా?"

పోరగా పోరగా డాక్టరు రాశాడు. అడగగా అడగగా, ఆకులు రాలేవేళకి హాలిఫాక్స్ పిలిచింది.

స్పెషలిస్టు చిన్నవయసు ఆవిడ. మోకాలు నొక్కి చూసింది, కొత్తగా రక్తం తీయించింది. తరవాతిసారి వెళ్ళినప్పుడు, "లైమే" అంది.

మార్నీ ఏడుస్తూ నవ్వింది. "విన్నావా అక్కా, నాది గాభరా కాదట! మందు వేసుకుంటే మామూలుగా నడుస్తాను కదా డాక్టరు గారూ?"

ఆవిడ రిపోర్టు మడిచి పక్కన పెట్టింది. "క్రిమి చచ్చిపోతుంది. కానీ కీలు బాగా తినేసింది. అది మళ్ళీ మునుపటిలా రాదు. మచ్చ ఉన్నప్పుడే వచ్చుంటే కొన్నాళ్ళ మాత్రలతో పోయేది. కొంతమందికి అసలు మచ్చ లేవదు. మీరేం చేస్తారు పాపం."

హిల్డా ముఖం చేతుల్లో దాచుకుని, పక్క గదికి వినపడేలా ఏడ్చింది.

తిరుగుదారిలో మార్నీయే ఆమెను ఓదార్చింది. "లేని మచ్చని నువ్వెలా చూస్తావే? పిచ్చిదానా. ఆంగస్ పోతే పోయాడు. దేవుడు నిన్ను నాకు మిగిల్చాడు, అదే పదివేలు."

హిల్డా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

దేవుడు అందరి మొరా ఆలకిస్తాడంటారు. ఎవరి మొర ఎలా ఆలకిస్తాడో మనకేం తెలుసు?

కిందటేడు జూన్‌లో, "నా చెల్లెల్ని నాకు దూరం చెయ్యకు ప్రభువా" అని మోకరించి లేచిన సాయంత్రం, మార్నీ ఎడమ భుజం కింద అరచేయంత ఎర్రటి మచ్చని కళ్ళజోడు సవరించుకుని మరీ చూసి, హిల్డా ఆమె చొక్కాని మెల్లగా కిందికి దించింది.