ఐదు మిల్లీసెకన్లు

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, మెమరీ చిప్‌ను నడిపే పాత డ్రైవర్ కోడును శుభ్రం చేసే పని కొత్త ఇంజనీరుకు అప్పగించారు. రెండు వారాల్లో ఆమె నాలుగు వందల లైన్లు తీసేసింది. ఒక్క లైను దగ్గర చెయ్యి ఆడక, సీనియర్ బల్ల దగ్గరికి వెళ్లింది.

“సార్, చిప్‌లో రాసిన ప్రతిసారీ ఐదు మిల్లీసెకన్లు ఆగమంటోంది ఇది. ఎందుకో కామెంటు లేదు. తీసెయ్యనా?”

సీనియర్ స్క్రీన్ చూసి నవ్వాడు. “ఎవడో పిరికివాడు రాసుంటాడు. పీకి పారెయ్ తల్లీ. ఈ చెత్తను ఇంకెన్నాళ్లు మోస్తాం?”

కొత్త చిప్‌లతో చేసిన పరీక్షలన్నిటిలో కోడు నెగ్గింది. మార్పును ఆయనే ఆమోదించాడు.

ఏడు నెలలకు ఆ కోడు ఒక ఆసుపత్రిలో మందు ఎక్కించే పంపులోకి చేరింది. అందులో ఉన్నది పాత చిప్. ఒకటి రాసుకోవడానికి దానికి ఐదు మిల్లీసెకన్లు పడుతుంది, ఆలోగా ఇంకొకటి ఇస్తే ఆ రెండోదాన్ని వదిలేస్తుంది. నర్సు తగ్గించిన మోతాదును ఆ చిప్ అలాగే రాసుకోకుండా వదిలేసింది. కరెంటు పోయి వచ్చాక పంపు పాత మోతాదే ఎక్కించింది. ముప్పై నాలుగేళ్ల రోగి చనిపోయింది.

విచారణ నివేదిక వచ్చిన రోజు సీనియర్ గది తలుపు వేసి ఆమె మీద విరుచుకుపడ్డాడు.

“రాసినవాణ్ణి ఒక్కమాట అడగాలని తట్టలేదా నీకు? ప్రతి లైనుకూ రాసినవాడి పేరుంటుంది కదా!”

ఆమె ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. ఆ లైను పక్కన పన్నెండేళ్ల కిందటి తేదీ, ఆయన పేరు ఉన్నాయి.

“పేరు చూసే కద సార్, ఆ రోజు మీ దగ్గరికి వచ్చాను.”