ఓడిపోవాల్సిన మందు

"మీ లేపనంలో ఏం కలుపుతారో చెబితే, మీకున్న జబ్బేమిటో నేను చెబుతాను," అంది చర్మవ్యాధుల డాక్టరు.

"చెప్పను," అన్నాడు కార్లకు రంగులేసే మేస్త్రీ, చొక్కా విప్పి ఆమెకు వీపు చూపిస్తూ. "అది నా సొంత మందు. రేపు మీరే తయారుచేసి అమ్ముకోరని నమ్మకమేంటి?"

పక్కన కూర్చున్న భార్య నుదురు కొట్టుకుంది. "బ్రహ్మరహస్యమేం కాదులెండమ్మా. షాపులో దొరికే దురద ట్యూబులు మూడు రకాలు పిండుతాడు. నూనె, మైనం పోసి పుట్టీ కలిపినట్టు రేకు మీద కలుపుతాడు. దాన్ని రాస్తే కారుకున్న రంగు కూడా ఊడొస్తుంది."

"ఏయ్, నోర్ముయ్!"

షెడ్డులో అతన్ని అందరూ లేపనం మేస్త్రీ అంటారు. వెక్కిరింపని లోకానికంతా తెలుసు, బిరుదని అతనొక్కడికే తెలుసు. వీపు మీద ఎర్రటి కురుపులు లేచేవి, మందు పూయించుకునేవాడు, అవి పోయేవి. పోయిన ప్రతిసారీ రంగు డబ్బా ఎక్కి "డాక్టర్లంతా దొంగలు" అని ఉపన్యాసం దంచేవాడు. అలాంటివాడు భార్య పోరు పడలేక ఆస్పత్రికొచ్చి, పరీక్షకి వీపులోంచి చిన్న ముక్క కోయించుకున్నాడు.

"ఆ ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. అదే చిక్కు," అంది డాక్టరు. "ముక్కని మైక్రోస్కోపులో చూసినాయన క్యాన్సర్ అంటున్నాడు. తెల్లరక్తకణాలు చర్మంలో చేరి అడ్డదిడ్డంగా పెరిగాయట."

మేస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలన్నీ ఒక కాజా తప్పి పడ్డాయి.

"అప్పుడే కంగారుపడకండి. ముక్క ఒక్కటే చూసి తేల్చేది కాదిది. అచ్చం ఇలాంటి కణాలే కనిపించే అరుదైన జబ్బు ఇంకోటుంది. దాని కురుపులు వాటంతటవే వస్తాయి, వాటంతటవే పోతాయి. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటూ ఉంటే మనిషి నిక్షేపంగా బతుకుతాడు. ఈ క్యాన్సరు అలా పోదు, స్టెరాయిడ్ రాస్తే మాత్రం కొన్నాళ్ళు అణగొచ్చు. గట్టి వైద్యం కావాలి."

"బానెట్ మీద బుడగలాంటిదన్నమాట," అన్నాడు మేస్త్రీ. "ఒట్టి రంగే పొంగిందో, కింద రేకు తుప్పు పట్టిందో పైనుంచి తెలీదు."

"అంతే. మరి మీ కురుపులు ఎలా పోతున్నాయి?"

"నా మందుకి!" అని ఛాతీ విరుచుకున్నాడు.

అన్నాక గానీ తన గొయ్యి తనే తవ్వుకున్నట్టు తెలీలేదు. మందు గొప్పదైతే జబ్బూ గొప్పదే. తను బతకాలంటే మందు దండగమారిదని తేలాలి.

"ఈసారి కురుపు లేస్తే ఏమీ పూయొద్దు," అంది డాక్టరు. "దానంతటదే పోతుందేమో చూద్దాం. పెరిగితే మాత్రం ఆగకుండా వచ్చెయ్యండి."

కురుపు లేచింది. సరిగ్గా భుజాల మధ్య.

మేస్త్రీకి తిండి సయించలేదు. తన మందు ఓడిపోవాలని మొక్కుకున్న వైద్యుడు లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు. షెడ్డులో రంగు డబ్బా ఎక్కాడు. "ఒరేయ్, నా లేపనం ఉత్త పుట్టీరా! ఎవరూ పూసుకోకండి. ఇన్నాళ్ళూ మందని నమ్మిన నేను పెద్ద వెధవని!"

అందరూ చప్పట్లు కొట్టారు. అతని ఉపన్యాసాలన్నిట్లో ఎవరూ అడ్డం పడనిది అదొక్కటే.

పొద్దున లేస్తూనే భార్యకి వీపు తిప్పేవాడు. "తగ్గిందంటావా?"

"ఇంకా ఎర్రగానే ఉంది."

"సరిగ్గా చూడవే!"

"మిరపకాయలా ఉంది. ఇంకెలా చూడమంటావు? పోనీ, నీ మహామందు తెచ్చి పూయనా?"

"డబ్బా ముట్టుకోకు! అది పనిచేసిందంటే నేను చస్తాను."

ఆమె పకపకా నవ్వబోయి, సగంలో ఆగి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి కురుపు నెత్తిన నల్లగా పెచ్చు కట్టింది. తర్వాత పెచ్చు రాలింది. మేస్త్రీ ఎగిరి గంతేసి, అటక తగిలి తల బొప్పికట్టించుకుని, అయినా నవ్వుతూనే ఆస్పత్రికి పరిగెత్తాడు. భార్య వెనకాలే వచ్చింది.

డాక్టరు వీపంతా తడిమి చూసింది. కురుపు లేదు, చిన్న మచ్చ ఉంది.

"ఏమీ పూసుకోలేదుగా?"

"అమ్మతోడు! వేలితో కూడా తాకలేదు."

డాక్టరు ముఖం విప్పారింది. "అయితే మనం కోరుకున్న జబ్బే, మేస్త్రీ గారూ. క్యాన్సరు వైద్యం అక్కర్లేదు. వచ్చి చూపించుకోవడం మాత్రం మానకండి."

"నా మందు ఎందుకూ పనికిరాదని ఒక కాగితం ఇవ్వండి డాక్టరమ్మా! ఫ్రేము కట్టించి షెడ్డులో తగిలిస్తాను. లేపనం మేస్త్రీ అంత తెలివితక్కువవాడు ఇంకోడు లేడని మీ చేత్తోనే రాసిపెట్టండి!"

డాక్టరు నవ్వాపుకోలేకపోయింది. మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటూ భార్యవైపు తిరిగాడు. ఆమె తల దించుకుని చేతిసంచి నలుపుతోంది.

"ఏంటే అది? మొగుడు బతికాడంటే ఆ ఏడుపు మొహమేంటి?"

"నిన్ను అలా చూస్తూ ఊరుకోలేకపోయానయ్యా," అంది ఆమె. "రోజూ నువ్వు గురకపెట్టాక, నీ మందు నేనే పూశాను."