వంటింటి డొమీనియన్

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద కొత్త కాగితం వేలాడుతోంది. లత బియ్యం కడుగుతూనే మెడ సాచి చదివింది.

"లేఖ నం. 16. సామ్రాజ్య ప్రభుత్వము వారి సముఖమునకు వంటింటి డొమీనియన్ వారు మనవి చేసుకొనునది. చెవి పరీక్ష నిమిత్తము మంగళవారము పది గంటలకు తమరు క్లినిక్కునకు తోడు రావలెను."

కింద ఎర్ర సిరాతో జవాబు. "తమ లేఖ అందినది. క్లినిక్కు వ్యవహారము డొమీనియన్ వారి సొంత విషయము. కోడలిని వెంటబెట్టుకొని పోవచ్చును."

"మళ్ళీ కాదన్నారా?" అంది లత.

"అనరూ మరి? సామ్రాజ్యం కదా," అంది అత్తగారు అరుంధతమ్మ, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

మామగారు విశ్వేశ్వరరావు పాత దస్తావేజుల ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఈ పరాయి దేశంలో, యూ టీ అనే పేటలో ఉన్న కొడుకు ఫ్లాట్‌కి వచ్చినా చేతిలో ఆ పాతకాలపు సర్కారు రాతల పుస్తకాలే. ఇంటి పెత్తనం తమదే అయినా పెద్ద సంగతులకి లండన్‌ని అడగాల్సిన దేశాలు డొమీనియన్లట. ఆ పుస్తకాల నిండా అవి సామ్రాజ్యానికి రాసుకున్న ఉత్తరాలేనట. "ఎంత కోపమొచ్చినా కాగితం మీద మర్యాద తప్పేవారు కాదమ్మా. ఓడలో జవాబొచ్చేసరికి సగం కోపం చల్లారేది," అని కోడలికి చెప్పేవారు.

నెల కిందట ఓ ఆదివారం భోజనాల దగ్గర అరుంధతమ్మ, "పులుసులో బెల్లం చాలిందా?" అని అడిగింది.

"రేపు వెళ్దాంలే," అన్నారాయన.

పుస్తకాల ధ్యాసలో పడి అన్నారనుకుని కొడుకు కౌశిక్ పగలబడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆయన మొహంకేసి కాసేపు చూసి, గరిటె కింద పెట్టింది.

"నా మాటంటే అంత అలుసైపోయింది. ఇక ఈయనతో నోటిమాట లేదు. ఏదున్నా కాగితం మీదే."

ఆ ముక్క కూడా రాసే ఇచ్చింది. అదే లేఖ నం. 1.

"వాళ్ళ ఆట వాళ్ళది. నీకెందుకు మధ్యలో?" అన్నాడు కౌశిక్, లత చెప్పిన పదహారో లేఖ సంగతి విని, బూట్లు తొడుక్కుంటూ. డ్యూటీకి వెళ్ళే జురాంగ్ ఐలాండ్ బస్సుకి టైమైపోతోంది.

"ఆటేంటండీ? చెవితోనా? ఈ మంగళవారం తప్పితే మళ్ళీ ఆరు వారాల దాకా ఖాళీ లేదట."

"అయితే నువ్వెళ్ళు."

"నేనొస్తానంటే వద్దంటున్నారు. మొగుడే రావాలట."

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. లత వంటింట్లోకి వచ్చింది.

"నొప్పి ఎక్కువగా ఉందా అత్తయ్యా?"

"పడేవాళ్ళకి తెలుస్తుంది."

"పోనీ, క్లినిక్ వాళ్ళిచ్చిన ఆ అపాయింట్‌మెంట్ చీటీ ఇలా ఇవ్వండి. ఫోన్ చేసి ఇంకో రోజుకి మార్పిస్తాను."

"చీటీ జోలికి రాకే తల్లీ," అంటూ ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి పోపుల పెట్టె అడుగున దోపేసింది.

లతకి ఉక్రోషం ఆగలేదు. హాల్లోకి వెళ్ళింది. మామగారు కిటికీ వైపు తిరిగి కూర్చుని చదువుకుంటున్నారు. ఈ ఇంటికి వచ్చిన పదేళ్ళలో ఆయన ముందు గొంతు పెంచింది లేదు.

"మామయ్యా, నలభై ఏళ్ళు మీకు వండిపెట్టిన మనిషి! డాక్టరు దగ్గరికి తోడు రమ్మంటే రారా? కాస్తయినా జాలి లేదా మీకు?"

ఆయన తల తిప్పలేదు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పారు.

లతకి కళ్ళనీళ్ళు తిరిగాయి. రాయి నయం అనుకుంది.

సోమవారం సాయంత్రం ఫ్రిజ్ మీద లేఖ నం. 17 వెలిసింది. "డొమీనియన్ ఒంటరిగా బయలుదేరును. దారి తప్పిన యెడల పూచీ సామ్రాజ్యానిదే. అప్పటి నుండి కాఫీ సరఫరా కూడా సామ్రాజ్యమే చూసుకొనవలెను."

తెల్లారేసరికి ఎర్ర సిరా. "అనుమతించడమైనది. గొడుగు మేము తెచ్చెదము."

మంగళవారం తొమ్మిదింటికి ఇద్దరూ లిఫ్ట్ దిగారు. లత వరండా మీంచి చూసింది. రోడ్డు దాటేచోట అరుంధతమ్మ ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పంతం నెగ్గించుకుంది మహాతల్లి, అనుకుని నవ్వుకుంది.

అంతలో ఫోన్ మోగింది.

"లతా, పోపుల పెట్టెలో చీటీ మర్చిపోయానే. బస్‌స్టాప్‌లో ఉన్నాం. పరిగెత్తుకురా. మడత విప్పకు."

"విప్పితే ఏమవుతుంది అత్తయ్యా?"

"నీకు నా మీద గౌరవం ఉంటే విప్పకు. మరీ ముఖ్యంగా ఆయన ముందు."

పసుపంటిన చీటీ పట్టుకుని లత లిఫ్ట్ ఎక్కింది. పదకొండో అంతస్తు నుంచి కిందికి దిగుతోంది. చెయ్యి ఆగలేదు.

చీటీ మీద రోగి పేరు విశ్వేశ్వరరావు.