సగం మాట దగ్గర ఆగిన అద్దెదారు

ఇంటి యంత్రాలన్నిటినీ నడిపే మూల ప్రోగ్రామ్, కెర్నెల్, అప్‌డేట్ అయ్యేసరికి, సర్వర్ పోర్షన్‌లో అద్దెకుంటున్న పరంధామయ్యగారు మాట మధ్యలో బిగుసుకుపోయారు. ఒళ్ళు వదిలేసి సాఫ్ట్‌వేర్‌లోకి మారకముందు ఆయన కాకినాడలో పేరున్న వంటమాస్టరు. వంటింటి తెర మీద ఆయన నోరు ఇంకా తెరుచుకునే ఉంది.

"హైమావతిగారూ, మీ పులుసు వాసన చూస్తుంటే..." అన్నదే ఆఖరి మాట.

కొత్త కెర్నెల్‌కి సరిపోయేలా ఆయన మాడ్యూల్‌ని, అంటే ఆయన్ని ఆడించే ప్రోగ్రామ్ ముక్కని, మళ్ళీ కంపైల్ చేసి కొత్తగా తయారుచేస్తేగాని ఆయన కదలరు. అన్నం ఉడికేంతసేపు పని. ఇంటావిడ హైమావతి మాత్రం వారమైనా ఆ ఊసెత్తలేదు.

"చదరంగానికి తోడు లేక చచ్చిపోతున్నానే. ఆ కంపైలేదో కొట్టరాదూ?" అన్నాడు భర్త శేషగిరి.

"నా పులుసుకి వంక పెట్టించుకోడానికి నేనే బటన్ నొక్కాలాండీ?"

చివరికి శేషగిరే నొక్కాడు. పరంధామయ్యగారి పెదవులు కదిలాయి. హైమావతి గరిటె పట్టుకుని ఊపిరి బిగబట్టింది.

"...మా అమ్మ గుర్తొస్తోందండి," అన్నారాయన.

హైమావతికి కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి మనిషిని వారంపాటు అలా నిలబెట్టేశానే అనుకుంది.

"ఆవిడా రోజూ పోపు ఇలాగే మాడ్చేదండి."

హైమావతి కళ్ళు తుడుచుకుని, ఇంటికి తరవాతి అప్‌డేట్ ఎప్పుడో వెతకసాగింది.