నాలుగు నూరోవంతులు

పదకొండింటికి గ్వార్దా చర్చిలో మేరీమాత వెండి కిరీటం మాయమైంది. పన్నెండింటికి కార్ల షెడ్డు నడిపే బెల్మీరు మేస్త్రి డెబ్బై అయిదు కిలోమీటర్ల అవతల, విజేవ్‌లో, పాతకార్ల క్లబ్బువాళ్ళతో కూర్చుని కాల్చిన మేకపిల్ల మాంసం తింటున్నాడు. అయినా కిరీటం దాచే బీరువాకి తాళం బాగుచేసింది ఆయనే కాబట్టి, ఇన్‌స్పెక్టర్ ఒతీలియ ముందు ఆయన్నే పిలిపించింది. కారుని స్టేషన్ దొడ్లో పెట్టించింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు బెల్మీరు.

"కారు వెనకద్దం మీద బోర్డు చూశారా అమ్మా? 'ఇంజను కొత్తది, మెల్లగా పోతుంది.' పోత పిస్టన్లు వేశాను. పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు, మిల్లీమీటరులో నాలుగు నూరోవంతులు. క్లబ్బంతా చూస్తుండగా కొలిచాను. వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా వేగం గంటకి యాభై దాటకూడదు. దాటితే పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌ని కరుచుకుంటుంది. గ్వార్దా నుంచి విజేవ్‌కి గంటన్నర పడుతుంది."

"తొందరైతే తొక్కరా?"

"నలభై ఏళ్ళ సర్వీసు నాది. నా ఇంజన్ని నేనే చంపుకుంటానా?"

క్లబ్బువాళ్ళూ అదే చెప్పారు. బెల్మీరు దొంగతనమైనా చేస్తాడేమో గానీ కొత్త ఇంజన్ని మాత్రం తొక్కడట.

మూడోరోజు ఒతీలియ మళ్ళీ పిలిచి, ఫైలు మూసేసింది.

"మీ మాటే నిజం మేస్త్రీ. నిన్న మీ ఇంజను విప్పించాం."

"ఎవరిచేత?"

"అదెలీను గారిచేత."

అదెలీనుది ఎదురు షెడ్డు. ఇద్దరికీ ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు.

"పిస్టన్ల మీద నిలువునా గీతలట. వేగంగా తొక్కి ఉంటే ఇంజను దారిలోనే పట్టేసేదట. యాభైలో పోయినా గీతలు పడ్డాయంటే, ముసలాడికి సందు కొలవడం కూడా చేతకావట్లేదు అన్నాడు. క్లబ్బులోనూ అదే చెబుతున్నాడు. పోన్లెండి, మీరు దొంగ కాదని తేలింది. అంతేగా కావలసింది? వెళ్ళిరండి."

అంతే కావలసింది. బెల్మీరు టోపీ పెట్టుకున్నాడు. తలుపు తీశాడు. మళ్ళీ మూశాడు.

"గీతలా? నా పిస్టన్ల మీదా?"

"పెద్దవారయ్యారు. చెయ్యి వణకడం సహజమే."

"వణికేది వాడి బుర్ర! పోత పిస్టన్‌కీ రేసు పిస్టన్‌కీ తేడా తెలియని వెధవ! క్లబ్బు ముందు కొలిచిన ఆ పోతవి మర్నాడే పీకేశాను. రేసువి వేసి, సందు తొమ్మిది వదిలాను. తొమ్మిది! గ్వార్దా నుంచి నూట ముప్ఫైలో తొక్కుకుంటూ వచ్చాను. గీత కాదు గదా, గోటిగాటు కూడా పడదు! పిలవండి వాణ్ణి, వాడి కళ్ళముందే కొలుస్తాను!"

ఒతీలియ ఫైలు మళ్ళీ తెరిచి, పెన్ను మూత తీసింది.

"పడలేదు మేస్త్రీ. మీ బండి బానెట్ ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు."