ఏడో పొర

“దీని మీద ఈ గీతలు ఎవరు పెట్టారు?”

ప్రొఫెసర్ గొంతు ల్యాబంతా వినిపించింది. ఆయన చేతిలో ఉన్నది గోరంత ప్లాస్టిక్ పొర. కాలిన గాయాల మీద వేయడానికి అలాంటి పొరలపై చర్మ కణాల్ని పెంచాలని పరిశోధకురాలు రెండేళ్లుగా తంటాలు పడుతోంది. కణాలు మాత్రం ఆ నున్నటి పొరల మీద నిలవకుండా ఉండలు చుట్టుకుని చచ్చిపోయేవి. ఈ పన్నెండు పొరలతో కూడా కాకపోతే మానేస్తానని ఆమె నిన్ననే ఆయనకు చెప్పేసింది.

బల్లలు తుడిచే అక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పోయిన నెల గాజు గిన్నెలు పగిలినప్పుడు, ఇంకొక్కటి పాడైతే ఇంటికి పంపేస్తామని ఆఫీసువాళ్లు ఆవిడకు గట్టిగా చెప్పారు.

పరిశోధకురాలు ఒకసారి అక్క వైపు చూసి ముందుకొచ్చింది.

“నేనే సార్. చెయ్యి జారి గీసుకుపోయింది” అంది.

ఆయన కళ్లజోడు పైనుంచి ఆమెను కాసేపు చూశాడు.

“నువ్వా?”

“అవును సార్.”

“అయితే పారెయ్యకు. కడిగి దాని మీద కూడా కణాలు వెయ్యి. పాడుచేసినవాళ్లే పెంచాలి” అని పొర ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఐదో రోజు మైక్రోస్కోపులో చూస్తే పదకొండు పొరల మీదా పాత కథే. గీతలు పడ్డ ఏడోదాని మీద మాత్రం కణాలు ఆ గీతల్ని పట్టుకుని బారులు తీరి, పొరంతా పరుచుకున్నాయి. ఆమె కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఆ తర్వాత ఒకటే పరుగు.

“నున్నగా ఉండటమే తప్పు సార్. వాటికి పట్టు దొరకాలి.”

“భేష్. కనిపెట్టింది నువ్వు, పేరూ నీదే. ఇక మానేసే మాట ఎత్తకు.” ప్రొఫెసర్ మీసాల్లో నవ్వుకున్నాడు. “ఇంతకీ దేంతో గీశావు?”

 ఆమె ఏదో సర్దిచెప్పి, సరాసరి అక్క దగ్గరికి వెళ్లింది.

“అక్కా, భయపడకు. నీ పని ఎక్కడికీ పోదు, నీ గురించి సార్‌కి నేనే గొప్పగా చెప్తా. దేంతో గీశావో చెప్పు చాలు.”

అక్క తెల్లబోయింది.

“నేనా? నేను దాన్ని ముట్టుకోనే లేదమ్మా. తప్పు మీ మీద ఎందుకేసుకున్నారో తెలీక ఐదు రోజులుగా బుర్ర బద్దలుకొట్టుకుంటున్నా.”

“మరి ఎవరు?”

“ఆ గీతల గొడవకి ముందురోజు సాయంత్రం ఉప్పుకాగితంతో దాన్ని రుద్దింది సారే కదమ్మా.”