తిట్టే హక్కు

ఉనైసి పకపకా నవ్వింది.

ఆఫీసులో అందరూ తలలు తిప్పి చూశారు. జనం ఫోన్లలో పెట్టే రాతల్లోంచి చెడ్డవాటిని ఏరి పారేసే ఆఫీసది. అక్కడ కూర్చుని నవ్వేవాళ్ళు తక్కువ.

కానీ ఉనైసికి పెళ్ళయి నెల. ఉద్యోగం వచ్చి వారం. సువా నగరంలో వాన పడినా నవ్వే, వానలో బస్సు తప్పినా నవ్వే.

"ఏంటమ్మాయ్, మీ ఆయన మెసేజ్ పెట్టాడా?" అన్నాడు పై అధికారి రాజ్‌నీల్.

"కాదు సార్, ఇది చూడండి. యంత్రం ఎర్రగుర్తు పెట్టి పంపింది."

ఆసుపత్రిలో ఉన్న సకియుసా అనే ముసలాయనకి, ఎపెలి అనే ఆయన రాసిన మాటలవి.

'ఒరే మాడిన సీమపనస మొహమోడా! మంచమెక్కి వైభోగాలు పోతున్నావా? శనివారం కత్తి పట్టుకుని వస్తున్నా. నీ ముక్కులో గొట్టాలు పీకేసి, కాళ్ళు పట్టి బయటికి ఈడుస్తా. నీ పందులన్నీ ఇక నావే!'

రాజ్‌నీల్ మొహం పాలిపోయింది.

"ఇందులో నవ్వడానికేముంది? మనిషిని చంపుతానంటున్నాడు!"

"అయ్యో, వీళ్ళు తౌవూ అయ్యుంటారు సార్!"

తౌవూ అంటే తాతముత్తాతల నాటి చుట్టరికం ఉన్న ఊళ్ళు. ఆ ఊరివాడు ఈ ఊరివాణ్ణి నోరారా తిట్టొచ్చు, పెరట్లో కోడిని చంకన పెట్టుకుపోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు.

"తౌవూ సంగతి నాకూ తెలుసులే. నేనూ ఇక్కడ పుట్టినవాణ్ణే. ఆ ముసుగులో నిజంగా చంపేవాడు వస్తే? పరిహాసమని యంత్రానికి తెలీదు, కాదని నీకూ తెలీదు. మధ్యాహ్నంలోగా తేల్చు. పాపం, ఆ ముసలాయన మంచం మీంచి లేచి పారిపోను కూడా లేడు."

ఉనైసి గంతేసినంత పని చేసింది. వారమంతా దొంగ మందుల ప్రకటనలు చెరిపి చెరిపి వేళ్ళు అరిగిపోయాయి. ఇప్పటికి దొరికింది ఓ అసలైన కేసు!

ఇద్దరి ఊళ్ళూ వెతికింది. ముసలాయనది నాలోమా. అత్తగారి ఊరే! ఎపెలి ఖాతాలో ఉన్న ఊరు వునికురా.

వెంటనే అత్తగారికి ఫోన్ చేసింది.

"ఏమే కొత్త కోడలా, పొద్దున్న కసావా దుంపలు నువ్వు ఉడకేశావా, మావాడా?"

"ఆయనే అత్తయ్యా. మాడ్చారు కూడా."

"మాడిస్తే మాడ్చాడు, నోరు మూసుకుని తిను. ఇంతకీ ఏంటి సంగతి?"

"మన నాలోమాకీ వునికురాకీ తౌవూ ఉందా అత్తయ్యా?"

"వునికురానా? సముద్రానికి ఆ చివర ఉన్నవాళ్ళు! వాళ్ళెవరే మనల్ని అనడానికి? మనల్ని తిట్టాలంటే ఓ అర్హత ఉండాలి. ఆ హక్కు ఒక్క తవాలెవు వాళ్ళది. ఎవడే తిట్టింది? పేరు చెప్పు, కర్ర పట్టుకుని నేనే వెళ్తా!"

"ఆఫీసు విషయం అత్తయ్యా, చెప్పకూడదు."

ఉనైసి ఫోన్ పెట్టేసింది.

తౌవూ కాదు! అంటే వీడు నిజంగానే వస్తాడు. ఇంకాస్సేపు నవ్వుతూ కూర్చుంటే ఏమయ్యేది!

మీట నొక్కింది. ఎపెలి ఖాతా శాశ్వతంగా మూతపడింది. పోలీసులకి కబురు వెళ్ళింది.

రాజ్‌నీల్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆఫీసంతా కొట్టింది.

మధ్యాహ్నం భోజనానికి మొగుడు పెనియాసి, కొబ్బరిపాలలో ఉడికించిన చేప పట్టుకుని సముద్రపు గట్టు దగ్గరికి వచ్చాడు.

"ఇవాళ నేనో ప్రాణం కాపాడాను!"

"ఎవరిది?"

"చెప్పకూడదు."

"పోనీ, ఎలా కాపాడావు?"

"అదీ చెప్పకూడదు."

"మరి నేనేం చెయ్యను?"

"గర్వపడు!"

అతను బుద్ధిగా ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. నవ్వలేక ఇద్దరికీ పొలమారింది.

సోమవారం కానిస్టేబుల్ విలియామె ఫోన్ చేశాడు. ఉనైసి అందరికీ వినపడేలా పెట్టింది.

"శనివారమంతా వార్డు గుమ్మంలో కాపలా కాశానమ్మా. కత్తి పట్టుకుని ఎవడూ రాలేదు."

"మనకి భయపడ్డాడు!" అన్నాడు రాజ్‌నీల్ హుషారుగా.

"ఆ ముసలాయన మాత్రం నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. 'ఎపెలి గాడి తిట్లు ఆగిపోయాయేం? వాడికి నామీద కోపమొచ్చిందా?' అని ఒకటే గోల. 'వచ్చినవాళ్ళంతా కళ్ళు మూసుకుని ప్రార్థనలు చేసి పోతున్నారు. నన్నింకా బతికున్నవాడిలా చూసేది వాడొక్కడే' అన్నాడు."

"ఇప్పుడెలా ఉన్నారు?" అంది ఉనైసి.

"నిన్న పోయాడమ్మా. చివరిదాకా ఫోన్ చేతిలోనే ఉంది."

విలియామె చెప్పుకుపోయాడు.

"ఎపెలిది సొంతూరు తవాలెవే. వునికురా అతని భార్య పుట్టిల్లు. ఈ సంగతి అక్కడి స్టేషన్‌లో మావాడు చెప్పాడు."

"మరి ఆ ఎపెలి ఏడి?" అంది ఉనైసి.

"అతను పోయి మూడు నెలలైంది. ఆసుపత్రిలో ఉన్న స్నేహితుడికి ఆ కబురు తెలియనివ్వలేదట."

"పోయినవాడు ఎలా తిడతాడు? ఆ రాసిందంతా ఎవరు?"

"అతని భార్యమ్మా, లితియా. చర్చిలో పిల్లలకి బైబిలు పాఠాలు చెబుతుంది. పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ ఒక్క మాట అనని ఆ మనిషి, మొగుడి పేరుతో ఖాతా తెరిచి, రోజూ పొద్దున్నే ఇరుగుపొరుగుని అడిగి ఓ కొత్త తిట్టు నేర్చుకుని మరీ రాసేదట."